ముందు కుక్క కాగితాలు, తర్వాతే టెంట్

ఒరేయ్,

ఫ్రాన్సులో రెండు వారాలు టెంట్ వేసుకుని ఉంటామని, పిల్లలిద్దరితో పాటు కుక్కనీ తీసుకెళ్తామని రాశావు. తప్పకుండా వెళ్ళు. కానీ క్యాంప్‌సైట్ల ఫోటోలు చూడటం కాసేపు ఆపి క్యాలెండర్ ముందు పెట్టుకో. బ్రిటన్ నుంచి వెళ్ళే కుక్కకి ఒక్క తేదీ తప్పినా సరిహద్దులో బతిమాలితే పని జరగదు. మిగతా ఏర్పాట్లన్నీ ఆ తేదీల చుట్టూనే అల్లుకోవాలి.

జూలై 25న బయలుదేరి ఆగస్టు 8న వస్తామన్నావు కదా, దాన్నే పట్టుకుని వెనక్కి లెక్కేద్దాం. ముందు మైక్రోచిప్ (కుక్క చర్మం కింద పెట్టే గుర్తింపు చిప్), ఆ తర్వాతే రేబిస్ టీకా. ఈ వరస తిరగబడితే ఆ టీకా చెల్లదు, మళ్ళీ వేయించాల్సిందే. టీకా వేసిన మర్నాడు ఒకటో రోజుగా లెక్కపెట్టి 21 రోజులు ఆగాలి. బూస్టర్ గడువు దాటిపోయిందంటే కొత్త టీకా కిందే లెక్క, మళ్ళీ 21 రోజులు. చాలామంది 'ప్రతి ఏడూ టీకాలు వేయిస్తూనే ఉన్నాం' అనుకుంటారు. బ్రిటన్‌లో ఏటా వేసే మామూలు టీకాల్లో రేబిస్ ఉండదు, విడిగా అడిగి వేయించుకోవాలి.

తర్వాత యానిమల్ హెల్త్ సర్టిఫికెట్, అంటే కుక్కని ఫ్రాన్సులోకి తీసుకెళ్ళడానికి కావాల్సిన ఆరోగ్య పత్రం. అది ప్రయాణానికి ముందు పది రోజుల్లోపు ఇచ్చినదై ఉండాలి. నీకైతే జూలై 16 నుంచి 24 మధ్య. ఇది రాసే అధికారం అందరు వెట్లకీ (పశువైద్యులకీ) ఉండదు, అఫీషియల్ వెటర్నేరియన్ హోదా ఉన్నవాళ్ళే రాయాలి. సెలవుల ముందు అందరూ ఒకేసారి మీద పడతారు కాబట్టి అపాయింట్‌మెంట్ రెండు నెలల ముందే పట్టు. ఫీజు క్లినిక్కుకీ క్లినిక్కుకీ చాలా తేడా, నాలుగు చోట్ల ఫోన్ చేసి అడుగు. సర్టిఫికెట్‌లో ఎవరి పేరుందో వాళ్ళు కుక్కతో పాటే ప్రయాణం చెయ్యాలి, లేదంటే అటూ ఇటూ అయిదు రోజుల్లోపైనా చెయ్యాలి. మైక్రోచిప్ నంబరులో పదిహేను అంకెలూ అక్కడే నిలబడి సరిచూసుకో.

ఎక్కువమంది జారిపడేది తిరుగు ప్రయాణంలో. బ్రిటన్‌లో అడుగుపెట్టడానికి 24 నుంచి 120 గంటల ముందు కుక్కకి బద్దెపురుగు మందు వెయ్యాలి. మనం వేస్తే చెల్లదు, అక్కడి వెట్ వేసి, మందు పేరు, తేదీ, టైముతో సహా అదే సర్టిఫికెట్‌లో రాసి సంతకం, ముద్ర వెయ్యాలి. ఆగస్టు 8 సాయంత్రం అయిదింటికి చేరతావనుకో, 3వ తేదీ సాయంత్రం అయిదు నుంచి 7వ తేదీ సాయంత్రం అయిదు లోపు. 5వ తేదీకి పెట్టుకో. ఫెర్రీ ఆలస్యమైనా, నువ్వు ఒకరోజు ముందే వచ్చెయ్యాల్సి వచ్చినా గడువులోనే ఉంటావు. టైము రాయకుండా వదిలేస్తే ఇబ్బంది నీదే, క్లినిక్ గడప దాటకముందే చూసుకో.

బ్రిటన్, ఫ్రాన్సుల మధ్య సముద్రం దాటడానికి టన్నెల్ రైలు మేలు, అది సొరంగంలో మనల్ని కారుతో సహా తీసుకెళ్తుంది. 35 నిమిషాలు, కుక్క కార్లో మన పక్కనే ఉంటుంది. ఫెర్రీలో చాలాసార్లు అది కిందనున్న కార్లో ఒంటరిగా ఉండిపోతుంది. మాంసం, పాలు కలిసిన కుక్క తిండి బ్రిటన్ నుంచి తీసుకెళ్ళనివ్వరు. రెండు దేశాల్లోనూ దొరికే రకానికి ఓ వారం ముందు నుంచే కొద్దికొద్దిగా మార్చు, లేకపోతే టెంట్‌లో విరేచనాలతో అవస్థ పడతారు.

ఫ్రాన్సు దక్షిణానికి వెళ్తే ఇసుక ఈగల వల్ల కుక్కకి లీష్మేనియా అనే జబ్బు వచ్చే ప్రమాదం ఉంది. అవి పొద్దుగూకాక కుడతాయి. రాత్రి కుక్కని లోపలే పడుకోబెట్టు, ఆ ఈగల్ని దూరంగా ఉంచే డెల్టామెత్రిన్ మందున్న మెడపట్టీ సంగతి బయలుదేరడానికి రెండు వారాల ముందే వెట్‌ని అడుగు. మధ్యాహ్నం రోడ్డు మీద అరచేతి వెనకభాగం అయిదు సెకన్లు ఆనించి చూడు. నీ చెయ్యి ఓర్చుకోలేకపోతే దాని కాళ్ళూ ఓర్చుకోలేవు.

సైట్ బుక్ చేసేటప్పుడు 'కుక్కలు రావచ్చా' అన్నదొక్కటే అడిగితే చాలదు. చాలాచోట్ల కుక్కని ఒంటరిగా వదిలి వెళ్ళనివ్వరు. నలుగురూ కలిసి ఈతకొలనుకి వెళ్ళడం కుదరదు కాబట్టి వంతులు వేసుకోవాలి. ఆ వంతుల పట్టిక పిల్లల చేతే రాయించు. తాము రాసుకున్నదాన్ని టీనేజి పిల్లలు మన్నిస్తారు, మనం చెప్పినదాన్ని మన్నించరు. వాళ్ళకి విడిగా చిన్న టెంట్ ఇవ్వు, అదే స్థలంలో, మీ గుమ్మానికి ఎదురుగా. ఫ్రాన్సు కొలనుల్లో అబ్బాయిలకి వదులు నిక్కర్లు చాలావరకు నిషేధం. రోజంతా బయట వేసుకు తిరిగిన బట్టలతో దుమ్ము నీళ్ళలోకి వస్తుందని. ఒంటికి అతుక్కునే ఈత డ్రాయరు ఇక్కడే కొను.

కరెంటు సంగతి బాగా గుర్తుపెట్టుకో. సైట్‌లో ఇచ్చే 6 ఆంపియర్ల కనెక్షన్ అంటే 230 వోల్టుల మీద 1380 వాట్లు. అమ్మాయి 2000 వాట్ల హెయిర్ డ్రయ్యర్ పెట్టగానే ట్రిప్ అవుతుంది. కరెంటు పెట్టెకి తాళం ఉంటే రిసెప్షన్ దాకా నడవాల్సిందే, రాత్రయితే పొద్దున దాకా చీకటే. వెయ్యి వాట్ల లోపు కెటిల్ తీసుకో, రెండు వస్తువులు ఒకేసారి పెట్టకు. 25 మీటర్ల కేబుల్ అవసరం లేకపోయినా చుట్ట మొత్తం విప్పు. చుట్టి ఉంచితే వేడి బయటికి పోక ప్లాస్టిక్ కరిగిపోతుంది. ఎండకి ఆరిన నేలలో టెంటుతో వచ్చే సన్న మేకులు వంగిపోతాయి, లావుపాటి స్టీలు మేకులు ఓ ఇరవై, ఒక సుత్తి పెట్టుకో. కుక్క తాడు టెంటు కమ్మీకి కట్టకు. పిల్లి కనబడగానే టెంటూ దాని వెంటే పోతుంది. నేలలోకి తిప్పి దింపే మరమేకు కొను.

మీలో ఎవరికైనా ఇంకా ఇండియన్ పాస్‌పోర్టే ఉంటే షెంగెన్ వీసా (ఫ్రాన్సుతో సహా చాలా యూరప్ దేశాలకి పనికొచ్చే వీసా) కావాలి. పన్నెండు నిండినవాళ్ళకి పెద్దల ఫీజే, 90 యూరోలు, వేలిముద్రలూ ఇవ్వాలి. ఆరు నెలల ముందు నుంచే అప్లై చెయ్యొచ్చు, ఆలస్యం చెయ్యకు. కార్లో హెచ్చరిక త్రిభుజం, చేతికందేచోట మెరిసే జాకెట్టు తప్పనిసరి.

బయలుదేరే నెలలో ప్రభుత్వ వెబ్‌సైటులో కుక్కల నిబంధనలు మళ్ళీ ఒకసారి చదువు, మారుతుంటాయి. ఇవాళ రాత్రికి దాని టీకా కార్డు ఫోటో తీసి పంపు, తేదీలు నేనూ చూస్తాను.

నీ,
పాత నేస్తం