బంటిని ఎక్కడ తిప్పాలి అని అడిగావుగా

ఒరేయ్,

నీ ఉత్తరం వచ్చి మూడు రోజులైంది. వెంటనే రాద్దామనుకున్నాను గానీ, నువ్వడిగింది రెండు ముక్కల్లో తేలే విషయం కాదు. అందుకే ఇవాళ తీరిగ్గా కూర్చున్నా. ఇంటి దగ్గర పెద్ద పార్కుంది, అరగంట పోతే బీచ్ ఉంది, నీ కుక్కపిల్ల బంటికి ఏది మంచిదని అడిగావు. రెండూ మంచివే కావచ్చు, రెండూ పనికిరాకనూ పోవచ్చు. పొద్దున ఆరింటికి హాయిగా ఉన్న చోటే పదింటికల్లా కుక్క కాళ్ళకి పెనమైపోతుంది. నా కుక్క మల్లితో ఆరేళ్ళు తిరిగాక నాకు తెలిసిందేంటంటే, చోటు ఒక్కటే చూస్తే చాలదు, వేళ కూడా చూడాలి. ఆ రెండింటికంటే ముందు మన కుక్క ఎలాంటిదో చూడాలి.

పెనం అని ఊరికే అనలేదురా. మల్లికి ఏడాది వయసప్పుడు ఒక పార్కుకి తీసుకెళ్ళాను. చూడటానికి ఎంత బాగుందో! నున్నటి రాళ్ళు పరిచిన దారి, రెండు వైపులా పూల మొక్కలు. ఆ రోజు లేటుగా, పది దాటాక బయల్దేరాం. సగం దూరం వెళ్ళేసరికి మల్లి ఒక కాలెత్తి నిలబడింది. కాసేపటికి ఇంకో కాలు. మొండికేస్తోందనుకుని పట్టీ లాగాను. ఇంటికొచ్చాక పడుకుని కాళ్ళు నాకడం మొదలెట్టింది. పంజా తిప్పి చూస్తే నల్లటి మెత్త మీద బొటనవేలి గోరంత చర్మం లేచిపోయి, కింద ఎర్రగా, తడిగా కనిపించింది. వెట్ దగ్గరికి పరుగెత్తాను. పది రోజులు కట్టు మార్చాను. కట్టు విప్పుతుంటే అది ఒక్కసారి కూడా నన్ను కరవబోలేదు, చేయి నాకింది. ఆ సంగతి తలుచుకుంటే ఇప్పటికీ నా గొంతు పట్టేస్తుంది.

గాలిలో వేడి 25 డిగ్రీలే ఉన్నా, నేరుగా ఎండ పడుతున్న తారు 50 డిగ్రీలు దాటిపోగలదు. బూట్లు వేసుకున్న మనకి ఆ సంగతే తెలియదు. కాబట్టి దారి మీద అరచేతి వెనక భాగం ఆనించి ఏడు సెకన్లు ఉంచు. ఉంచలేకపోతే బంటిని నడిపించకు. తారైనా, రాళ్ళైనా, సింథటిక్ గడ్డైనా, పొడి ఇసుకైనా ఇదే లెక్క. సాయంత్రం సూర్యుడు దిగిపోయాడు కదా అని కూడా నమ్మకు. పగలంతా తాగిన వేడిని తారు చాలాసేపు వదలదు. అందుకే నాకు సాయంత్రంకంటే తెల్లవారుజామే ఇష్టం.

ఇంతకీ పార్కు ఎలా చూడాలంటే, మొదటిసారి బంటిని తీసుకెళ్ళకు. నువ్వొక్కడివే వెళ్ళు, అది కూడా రోజూ నువ్వు వెళ్ళగలిగే టైముకే. మన కళ్ళకి కనిపించే పార్కు వేరు, కుక్క నడిచే పార్కు వేరు. అది మోకాలంత ఎత్తులో బతుకుతుంది. మనం చెట్ల పైకొమ్మలు చూసి మురిసిపోతే, అది బెంచీ కింద ఏముందో చూస్తుంది. అందుకని రెండు మూడు చోట్ల వంగి చూడు. బెంచీల కింద గాజు పెంకులున్నాయా? చెత్తడబ్బాలు పొంగిపొర్లుతున్నాయా? పొదల మూలల్లో ఎలుకల మందు పెట్టారా? పురుగుల మందు కొట్టిన రోజున కొన్ని పార్కుల్లో చిన్న బోర్డు పెడతారు, దాన్ని చాలామంది చదవరు. నువ్వు చదువు. తోటమాలి కనిపిస్తే మందు ఎప్పుడెప్పుడు కొడతారో అడుగు. పార్కు సంగతులు అతనికి తెలిసినంతగా ఇంకెవరికీ తెలియవు.

మొక్కల సంగతి. గన్నేరు అందంగా పూస్తుంది గానీ ఆకు, పువ్వు, కొమ్మ అన్నీ విషమే, నేరుగా గుండె మీద పనిచేస్తుంది. చిన్న ఈతచెట్టులా ఉండే సైకస్ అని ఒకటుంటుంది, అలంకారానికి నాటుతారు. దాని గింజలు కుక్క లివర్‌ని పాడు చేస్తాయి. ఇవి ఉన్న పార్కుకి వెళ్ళొద్దని కాదు, అలా అయితే వెళ్ళడానికి పార్కే మిగలదు. ఏ వరసలో ఉన్నాయో గుర్తుపెట్టుకుని ఆ పక్కన పట్టీ పొట్టిగా పట్టుకో. బంటికి ఎనిమిది నెలలే కదా, కనబడిందల్లా కొరికే వయసు.

చెరువో కొలనో ఉంటే ఇంకాస్త జాగ్రత్త. నిలవ నీటి మీద పచ్చ పెయింటు పోసినట్టు తెట్టు కట్టి ఉంటే అటు పోనే పోవద్దు. కొన్ని రకాల నాచు నీటిలోకి విషం వదులుతుంది. కుక్క ఆ నీళ్ళు తాగినా, ఈదొచ్చి ఒళ్ళు నాక్కున్నా గంటల్లోనే ప్రాణం మీదికి రావచ్చు. ఎలుకలు తిరిగే చోట మురికిగుంటల్లో లెప్టోస్పైరోసిస్ అనే జబ్బు ఉంటుంది, అది మనుషులకీ అంటుకుంటుంది. దానికి టీకా ఉంది, బంటికి వేయించారో లేదో కార్డు చూసుకో. పొడుగు గడ్డి అంచుల్లో పిడుదులు కాళ్ళు చాపి కాచుకుని ఉంటాయి. అందుకే గడ్డి కత్తిరించిన దారి మధ్యలో నడిపించు, ఇంటికి రాగానే చెవుల వెనక, వేళ్ళ సందుల్లో, చంకల్లో తడిమి చూడు.

ఇక నేను అన్నిటికంటే ముందు చూసేది దారి వెడల్పు. ఇది నాకెవరూ చెప్పలేదు, తిరిగి తిరిగి తెలుసుకున్నాను. ఎదురుగా ఇంకో కుక్క వస్తే పక్కకి తప్పుకుని, అర్ధచంద్రంలా చుట్టు తిరిగి పోయే చోటుండాలి. కుక్కలు ఎదురుబొదురుగా సూటిగా రావడం వాటి భాషలో మర్యాద కాదు. ఇరుకు దారిలో రెండు పట్టీల చివర రెండు కుక్కల్ని ముఖాముఖి నిలబెడితే, సాధువైనది కూడా గుర్రుమంటుంది. నీ బంటి కొత్తవాళ్ళని చూస్తే నీ కాళ్ళ వెనక దాక్కుంటుందని రాశావు కదా. అలాంటి కుక్కకి పెద్ద పార్కు, పేరున్న పార్కు అక్కర్లేదు. వెడల్పు దారులు, నాలుగు వైపులా దూరం దాకా కనిపించే మైదానం, తక్కువ జనం, అంతే. సైకిళ్ళు, స్కేటింగ్ పిల్లలు మలుపు తిరిగి హఠాత్తుగా ఊడిపడే పార్కు దానికి వద్దు.

కుక్కలకని విడిగా కంచె కట్టిన చోటు కూడా ఉందని రాశావు. తొందరపడకు. ముందు గేటు చూడు. మంచిచోట రెండు గేట్లుంటాయి, మధ్యలో చిన్న ఖాళీ ఉంటుంది. మొదటిది మూశాకే రెండోది తీస్తారు, అందువల్ల ఏ కుక్కా తప్పించుకుని రోడ్డెక్కదు. చిన్న కుక్కలకి వేరే భాగం ఉందా చూడు. కంచె అడుగున మట్టి కొట్టుకుపోయి సందులు పడ్డాయా చూడు. తర్వాత పావుగంట బయటే నిలబడి లోపలున్న మనుషుల్ని గమనించు. అందరూ ఫోన్లు చూసుకుంటూ, కుక్కల్ని వాటి మానాన వదిలేస్తే లోపలికి వెళ్ళకు. ఒక కుక్కని నాలుగు తరుముతుంటే ఆడుకుంటున్నాయిలే అని నవ్వేవాళ్ళుంటారు. తరమబడే కుక్క తోక పొట్టకింద ఉంటే అది ఆట కాదురా. బంటి మాటిమాటికీ ఆవులించినా, పెదాలు నాక్కున్నా, కంటి తెల్లగుడ్డు బయటపడేలా పక్కచూపులు చూసినా, ఇష్టమైన తాయిలం పెట్టినా తీసుకోకపోయినా టెన్షన్‌లో ఉన్నట్టే. వెనక్కి వచ్చేయ్. ఓడిపోయినట్టేం కాదు, రేపు ఇంకో చోటికి వెళ్తారు.

ఇంకో మాట. వాకింగ్ అంటే కిలోమీటర్లు అనుకోకు. మన ముక్కులో వాసన పట్టే గ్రాహకాలు 60 లక్షలైతే, కుక్కకి 30 కోట్ల దాకా ఉంటాయంటారు. ఒక చెట్టు మొదట్లో అది రెండు నిమిషాలు నిలబడిందంటే ఊరి కబుర్లన్నీ అక్కడ చదువుకుంటోందన్నమాట. లాగకు. మల్లికి అర కిలోమీటరు వాసన చూసుకుంటూ నడిస్తే వచ్చే అలసట, రెండు కిలోమీటర్లు గబగబా నడిపిస్తే రాదు. ఖాళీ మైదానం దొరికితే హార్నెస్‌కి, అంటే ఛాతీ చుట్టూ తొడిగేదానికి, ఐదు మీటర్ల పొడుగు పట్టీ కట్టు. కాలర్‌కి కట్టొద్దు, పరుగెత్తి ఒక్కసారి ఆగితే మెడ పట్టేస్తుంది. బటన్ నొక్కితే చుట్టుకుపోయే సన్నతాడు పట్టీలు నాకస్సలు నచ్చవు. చేతికి చుట్టుకుంటే చర్మం కోసుకుపోతుంది.

ఇక బీచ్. నాకు బీచ్ అంటే ఎంతిష్టమో నీకు తెలుసు, అయినా బంటి మొదటి నెల పార్కులోనే తిరగనీ. బీచ్‌లో అన్నీ ఒకేసారి మీద పడతాయి: హోరు, గాలి, కదిలే నేల, పరుగెత్తే జనం.

వెళ్ళేముందు కుక్కల్ని రానిస్తారో లేదో, ఏ నెలల్లో, ఏ వేళల్లో రానిస్తారో కనుక్కో. చాలా తీరాల్లో ఇది సీజన్‌ని బట్టి మారుతుంది, దానికి కారణం మనుషుల రద్దీ ఒక్కటే కాదు. కొన్ని సముద్రపు పక్షులు గూడు కట్టవు, ఇసుకలో చిన్న గుంట చేసి ఇసుక రంగు గుడ్లే పెడతాయి. తాబేళ్ళు రాత్రిపూట వచ్చి గుడ్లు పూడ్చి పోతాయి. కుక్క ఒక్కసారి తరిమితే తల్లిపక్షి ఎగిరిపోతుంది, గుడ్లు ఎండకి ఉడికిపోతాయి. అలాంటి రోజుల్లో పట్టీ విప్పొద్దు, పొడి ఇసుక దిబ్బల వైపు అసలు పోవద్దు.

తర్వాత ఆటుపోట్లు. ఇది రాస్తుంటే నాకే సరదాగా ఉంది, ఎందుకంటే చాలాకాలం నాకిది అంతుపట్టలేదు. ఒక ఆదివారం ఆరింటికి వెళ్తే విశాలంగా తడి ఇసుక పరుచుకుని ఉంది, మల్లి పరుగే పరుగు. ఆ తర్వాతి ఆదివారం సరిగ్గా అదే ఆరింటికి వెళ్తే నీళ్ళు గట్టు దాకా వచ్చేశాయి, నడవడానికి చోటే లేదు. సంగతేంటంటే, చాలా తీరాల్లో పోటుకీ పోటుకీ మధ్య సుమారు 12 గంటల 25 నిమిషాలు ఉంటుంది. అంటే రోజుకి 50 నిమిషాల చొప్పున ఆలస్యమవుతూ, వారం తిరిగేసరికి ఆటు ఉండే వేళకి పోటొస్తుంది! అమావాస్య, పౌర్ణమి రోజుల్లో ఆటుకీ పోటుకీ మధ్య నీటి ఎత్తులో తేడా ఇంకా ఎక్కువ. అందుకని ఆటుపోట్ల పట్టిక చూసి, ఆటుకి ఒక గంట ముందు చేరుకో. సముద్రం అప్పుడే వదిలి వెళ్ళిన తడి ఇసుక గట్టిగా, చల్లగా ఉంటుంది. పొడి ఇసుకలో ప్రతి అడుగూ దిగబడి కండరాలు పట్టేస్తాయి.

నీళ్ళలోకి వెళ్తానని మారాం చేస్తే ముందు అలల్ని చూడు. అటూ ఇటూ అలలు విరుగుతూ, మధ్యలో ఒక్కచోట మాత్రం నిశ్శబ్దంగా ఉంటే అది సురక్షితం అనిపిస్తుంది. నిజానికి ఒడ్డుకొచ్చిన నీరు తిరిగి లోపలికి పోయే దారి చాలాసార్లు అదే. అక్కడికి బంతి విసరొద్దు. బంతి కోసం కుక్క ఎంత దూరమైనా పోతుంది, వెనక్కి రావడానికి ఓపిక ఉంటుందో లేదో ఆలోచించదు. దాన్ని పట్టుకోడానికి మనం దూకుతాం. మొదట్లో మోకాలి లోతు చాలు.

సముద్రపు నీళ్ళు తాగనివ్వకు. లీటరు నీటిలో సుమారు 35 గ్రాముల ఉప్పుంటుంది. కాస్త తాగితే విరేచనాలు, ఎక్కువ తాగితే వాంతులు, వణుకు, ఫిట్స్ దాకా పోతుంది. దాహమేసే లోపే మంచినీళ్ళు పెట్టు. నేను పావుగంటకోసారి గిన్నె తీస్తాను, మల్లికిప్పుడు గిన్నె చప్పుడు వింటే చాలు, అల వదిలేసి వస్తుంది. ఇసుకలో తడిబంతి ఆడిస్తే బంతికి అంటిన ఇసుకంతా కడుపులోకి పోయి పేగుల్లో గడ్డకట్టొచ్చు. ఒడ్డుకి కొట్టుకొచ్చిన చచ్చిన జెల్లీఫిష్ కూడా కుడుతుంది. కప్పచేపల్లాంటివి చచ్చాకా విషమే. వలముక్కలూ గాలం ముళ్ళూ పోటు వచ్చిపోయిన గీత వెంట పోగవుతాయి, కాబట్టి ఆ గీత దాటేటప్పుడు కళ్ళు నేల మీదే ఉంచు.

కుక్కకి చెమట అరికాళ్ళలో తప్ప పెద్దగా పట్టదు, రొప్పడమే దాని ఫ్యాను. దాని మామూలు వేడే 38.3 నుంచి 39.2 డిగ్రీలు. 41 దాటితే ప్రాణాపాయం. నాలుక వెడల్పుగా వేలాడి, చిగుళ్ళు బాగా ఎర్రబడి, అడుగులు తడబడుతుంటే నీడకి చేర్చి, ఒంటి మీద నీళ్ళు పోస్తూ, గాలి తగిలేలా చూస్తూ అటునించటే వెట్ దగ్గరికి వెళ్ళిపో. ఇంటికెళ్ళి చూద్దామనుకోకు. చప్పిడి ముక్కు కుక్కలకైతే ఇది ఇంకా తొందరగా వస్తుంది. బంటి ముక్కు పొడుగే కాబట్టి కొంత నయం.

తిరిగొచ్చాక మంచినీళ్ళతో కడుగు, పొట్ట, వేళ్ళ సందులు వదలకుండా. ఉప్పు ఆరితే దురద పెడుతుంది. చెవులు మెత్తని గుడ్డతో తుడువు. ఎక్కడికెళ్ళినా సంచులు మర్చిపోకు, అది చేసిందాన్ని మనమే ఎత్తాలి. ఒక్కరు వదిలేసినా రేపు అందరి కుక్కలకీ గేటు మూస్తారు, ఆ విషయంలో నాకు చాలా కోపం.

వచ్చే నెల రెండో వారంలో నాకు నాలుగు రోజులు సెలవు. మల్లిని తీసుకుని వస్తాను. మొదటి రోజు ఇద్దర్నీ ముఖాముఖి పెట్టొద్దు, నీ పార్కులోనే ఇరవై అడుగుల ఎడంతో పక్కపక్కన నడిపిద్దాం. మల్లి పెద్దది, నిదానం, దాన్ని చూసి బంటి సర్దుకుంటుంది. మూడో రోజు కుదిరితే బీచ్. ఈలోగా నువ్వు ఒక్కడివే పార్కుకి వెళ్ళి దారి ఎంత వెడల్పుందో, నీడ ఎక్కడుందో చూసి రాయి. ఆ వారం పొద్దునపూట ఆటు ఎన్నింటికో కూడా చూసి పెట్టు, దాన్ని బట్టే నేను టికెట్ తీసుకుంటాను.

బంటి చెవి వెనక నా తరఫున ఒకసారి గోకు.

నీ
మల్లి వాళ్ళ నాన్న