కల్చర్ ‘నిల్’ అంటే జబ్బు లేదని కాదు

సంపాదకుడి గారికి,

పుట్టిన పది రోజుల్లోపు బిడ్డ పాలు మానేసి, ఒళ్లు కాలుతూ, డొక్కలెగరేస్తుంటే కేస్‌షీట్‌లో ముందుగా పడే మాట ‘సెప్సిస్’ (రక్తానికి పాకిన ఇన్ఫెక్షన్). చాలాసార్లు నిజమే. కానీ ఎంటెరోవైరస్ (పేగుల్లో పెరిగే వైరస్‌ల జాతి) వల్ల గుండె కండరం వాచినా (మయోకార్డైటిస్) బిడ్డ అచ్చం ఇలాగే ఉంటుంది. తేడా వచ్చేది సెలైన్ దగ్గర. మూడు కిలోల బిడ్డ ఒంట్లో ఉండే రక్తమే సుమారు పావు లీటరు. బీపీ పడిపోయిందని కిలోకు 20 మి.లీ. ఎక్కిస్తే 60 మి.లీ., అంటే ఉన్న రక్తంలో నాలుగో వంతు. వాచిన గుండె దాన్ని తోయలేదు. ఊపిరితిత్తుల్లో నీరు చేరుతుంది.

సిరంజి ఎత్తే ముందు పొట్ట తడిమి చూడాలి. కాలేయం కుడి పక్కటెముకల కింద రెండు సెంటీమీటర్లు దాటి దిగినా, నిద్రలోనూ గుండె నిమిషానికి 180కి పైన కొట్టుకుంటున్నా ముందు ఈసీజీ, ఎకో (గుండె స్కాన్), ట్రోపోనిన్ (గుండె కండరం దెబ్బతింటే రక్తంలో పెరిగే ప్రోటీన్) పరీక్షలు చేయించాలి. పసికందుల్లో ట్రోపోనిన్ మామూలుగానే ఎక్కువ, పెద్దల కొలత పెట్టి చూస్తే పొరబడతాం. సెలైన్ తప్పదనుకుంటే కిలోకు 5 నుంచి 10 మి.లీ., నిదానంగా, మళ్లీ మళ్లీ కాలేయం చూసుకుంటూ ఇవ్వాలి.

బ్లడ్ కల్చర్‌లో (రక్తంలోని సూక్ష్మజీవులను ల్యాబ్‌లో పెంచి చూసే పరీక్ష) పెరిగేది బ్యాక్టీరియా, వైరస్ కాదు. రిపోర్టులో ‘నిల్’ వస్తే ఫైలు మూసేస్తున్నాం. గొంతు స్వాబ్, మలం, రక్తం పీసీఆర్‌కు (వైరస్ జన్యుపదార్థాన్ని పట్టే పరీక్ష) పంపితేనే తెలిసేది. బ్రిటన్‌లోని దక్షిణ వేల్స్‌లో 2022-23లో వరసగా ఇలాంటి కేసులు బయటపడి, 2023 మేలో ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకటన చేసింది. అంతకుముందు ఆరేళ్లలో అక్కడ గుర్తించింది ఒకే ఒక్కటి. మన జిల్లా ఎస్‌ఎన్‌సీయూల (జబ్బు పడ్డ నవజాత శిశువుల ప్రత్యేక వార్డుల) నుంచి శాంపిల్ ఏ ల్యాబ్‌కు, ఎవరు, ఎన్ని గంటల్లో చేర్చాలో ఆరోగ్యశాఖ రాతపూర్వకంగా చెప్పాలి.

ఆశా కార్యకర్తలు 3, 7, 14, 21, 28, 42 రోజుల్లో ఇంటికెళ్లి జ్వరం, బరువు, ఊపిరి చూస్తారు. ఇంకో రెండు ప్రశ్నలు చేర్చితే చాలు: కాన్పుకు ముందు వారంలో తల్లికి జ్వరంగానీ విరేచనాలుగానీ వచ్చాయా? పాలు తాగుతూ బిడ్డ నుదుట చెమట పట్టి, మధ్యలో అలిసిపోయి వదిలేస్తోందా?

బారసాలకొచ్చిన వాళ్లు జేబులోంచి శానిటైజర్ తీసి రాసుకుని బిడ్డను ఎత్తుకుంటున్నారు. కొవ్వు పొర లేని ఈ వైరస్‌పై అది సరిగా పనిచేయదు. సబ్బుతో కడుక్కోవాల్సిందే, ముఖ్యంగా పొత్తిగుడ్డలు మార్చాక. జలుబు, జ్వరం ఉన్నవాళ్లు బిడ్డను దూరం నుంచే చూసి వెళ్లాలి. తల్లికి జ్వరం వచ్చిందని మాత్రం పాలు మాన్పించొద్దు.

— ఒక శిశువైద్యుడు, కాకినాడ