ఆరో అంతస్తు గది గురించి అమ్మ రాసేది

రాజమహేంద్రవరం
ఆదివారం

చిరంజీవి చిట్టికి అమ్మ ఆశీస్సులు.

నువ్వు పంపిన వీడియో నాలుగుసార్లు చూశాను. పారిస్ నడిబొడ్డున, మారే పేటలో, లిఫ్టు లేని ఆరో అంతస్తులో వంటగట్టుతో సహా ఒక్క గది. కొనుక్కో. ఈ మాట ముందే రాసేస్తున్నాను. తర్వాత రాసేవి చదివి అమ్మకు ఇష్టం లేదేమో అని నువ్వు అనుకోకూడదు.

ఆ డబ్బు పెడితే ఇక్కడ మూడు పడకగదుల ఇల్లే వస్తుందని నాన్నగారు అంటున్నారు. వస్తుంది, కాదనను. కానీ నువ్వు బతికేది అక్కడ. ఏడేళ్లలో నాలుగు అద్దె ఇళ్లు మారావు. మేము కోటగుమ్మం దగ్గర ఒంటిగది వాటాలో కాపురం పెట్టినప్పుడు పొద్దున లేవగానే నవారు మంచం ఎత్తి గోడకు ఆనించేవాళ్లం. మంచం ఉన్న చోటే పగలు నీ ఆటస్థలం. ఆ గదిలో నాకు ఏ లోటూ తెలియలేదు, ఒక్క గాలి విషయంలో తప్ప. కిటికీ ఒకవైపే ఉండేది. నీ గదికీ ఒకవైపే ఉంది.

31 ఏళ్లు రిజిస్ట్రేషన్ శాఖలో పనిచేసిన కళ్లు ముందు కొలత మీదికే పోతాయి. ప్రకటనలో పెద్ద అక్షరాల్లో 19 చదరపు మీటర్లు అని ఉంది. అది నేల కొలత. దాని కింద సన్నని అక్షరాల్లో కారెజ్ చట్టం కొలత 14 అని ఉంది. నీకు లెక్కలోకి రావలసింది ఆ రెండోదే. 1996లో వచ్చిన ఆ చట్టం ప్రకారం 1.80 మీటర్ల ఎత్తు కూడా లేని చోటు విస్తీర్ణంలోకి రాదు. మీ గది పైకప్పు కిందే ఉంది కాబట్టి వాలు పడిన మేరంతా అలా పోయింది. 14 చదరపు మీటర్లంటే మన కొలతలో 17 గజాలు కూడా లేదు. చదరపు మీటరు 10 వేల యూరోలు దాటి పలికే చోట ఆ 5 చదరపు మీటర్ల తేడా ఎంతో నువ్వే లెక్కవేసుకో. బేరం 14 మీదే సాగాలి. టేపు పట్టుకెళ్లి నువ్వూ కొలువు. దస్తావేజులో రాసినదాని కంటే 20వ వంతుకు మించి తక్కువ తేలితే ధర తగ్గించమని ఏడాదిలోగా దావా వేసే హక్కు నీకుంది. ఆ వాలు కింద మంచం వేసుకోవచ్చు, బట్టల పెట్టె పెట్టుకోవచ్చు. గిన్నెలు కడిగే చోట మాత్రం తల వంచకుండా నిలబడగలగాలి. వంటగట్టు ముందు పది నిమిషాలు నిలబడి చూడు.

నాకు అన్నిటికంటే భయం ఎండాకాలం. పారిస్ కప్పుల మీద పరిచే జింకు రేకు చూడటానికి ఎంతో అందం. ఆ పనివాళ్ల నైపుణ్యాన్ని 2024లో యునెస్కో వారసత్వ జాబితాలోనూ చేర్చారు. కానీ ఆ రేకు కిందే నువ్వు పడుకుంటావు. 2019 జూలై 25న అక్కడ 42.6 డిగ్రీలు కాసింది. రాజమండ్రి ఎండ ఎరిగిన నాకే అది పెద్ద అంకె. మనమైతే ఏసీ పెట్టుకుంటాం. మారేలో చాలా భాగం, పాత పేటలను కాపాడే 1962 నాటి మాల్రో చట్టం కింద ఉంది. ఏసీ పెట్టె బయట బిగించాలన్నా, కిటికీ మార్చాలన్నా వారసత్వ కట్టడాలు చూసే ఆర్కిటెక్టు ఒప్పుకోవాలి. అందుకని కప్పు లోపల వేడి ఆపే పొర వేశారా, ఎప్పుడు వేశారు అని అడుగు. విద్యుత్తు, వేడికి ఇల్లు ఎంత ఖర్చు పెట్టిస్తుందో చూసి ఇచ్చే శ్రేణి చూడు. 'ఎ' అన్నిటికంటే మంచిది, 'జి' అన్నిటికంటే అధమం. 'జి' వచ్చిన ఇంటిని 2025 జనవరి నుంచి కొత్తగా అద్దెకు ఇవ్వనివ్వడం లేదు. రేపు నీకు వేరే ఊరు బదిలీ అయితే గది తాళం వేసుకుని ఉంచాల్సి వస్తుంది.

భవనం వాటాదారుల సమావేశాల మినిట్స్, గడచిన మూడేళ్లవి, వరుసగా చదువు. కప్పు మరమ్మతు, ముందుగోడ మరమ్మతు ఎన్నిసార్లు చర్చకు వచ్చి వాయిదా పడ్డాయో అందులో ఉంటుంది. వాయిదా పడిన ఖర్చు కొన్నవాళ్ల మీదే పడుతుంది. ఈ సంగతి మన ఊరి అపార్టుమెంట్లలో కళ్లారా చూశాను.

అమ్మేవాళ్ల నోటేర్, అంటే అక్కడ ఇంటి దస్తావేజు రాసి ఖాయం చేసే అధికారి, ఉన్నాడు కదా అని ఊరుకోకు. నీ తరఫున వేరే నోటేర్‌ను పెట్టుకో. ఇద్దరూ ఒకటే ఫీజు పంచుకుంటారు, నీకు అదనంగా పడదు. పాత ఇంటికి ఆ ఖర్చులన్నీ కలిపి 7 నుంచి 8 శాతం అవుతాయి. ముందస్తు ఒప్పందం మీద సంతకం అయ్యాక మనసు మార్చుకోవడానికి 10 రోజుల గడువు ఉంది. మా కార్యాలయంలో అలాంటి గడువు ఉండి ఉంటే ఎన్ని కన్నీళ్లు తప్పేవో!

డబ్బు సంగతి. నా రిటైర్మెంటు సొమ్ములో సగం నీకు ఇస్తున్నాను, అప్పుగా కాదు. ఏడాదికి 10 లక్షల రూపాయలు దాటి పంపితే పైమొత్తం మీద బ్యాంకు 20 శాతం పన్ను ముందే పట్టుకుంటుంది, రిటర్నులో సర్దుబాటు అవుతుంది. దాన్ని బట్టి నేను ఏర్పాటు చేసుకుంటాను. అక్కడ తల్లి నుంచి ఒక లక్ష యూరోలు, తండ్రి నుంచి మరో లక్ష, 15 ఏళ్లకోసారి పన్ను లేకుండా తీసుకోవచ్చు. అయినా పన్నుల వాళ్లకు తెలియజెయ్యి.

రెండేళ్ల కిందట నీ దగ్గరికి వచ్చినప్పుడు నన్ను ఆంఫాన్ రూజ్ అంగడికి తీసుకెళ్లావు. 1615 నాటి అంగడి, ఇప్పటికీ కూరలు అమ్ముతున్నారు. అక్కడ బల్ల మీద కూర్చుని తిన్నాం. తర్వాత ప్లాస్ దే వోజ్ అనే చౌకులో ఎర్ర ఇటుక ఇళ్ల ఎదుట గడ్డి మీద నువ్వు నిద్రపోయావు. ఏడేళ్లలో నువ్వు అంత నిశ్చింతగా పడుకోవడం నేను చూసింది ఆ రోజే. మారే అంటే చిత్తడి నేల అని అప్పుడు చెప్పావు. ఆ పేటలో నీకు తలుపు ఉండాలని నాకు అప్పుడే అనిపించింది.

ఒక్క పని మిగిలింది. వచ్చే శనివారం రాత్రి 11 గంటలకు ఆ కిటికీ కింద వీధిలో నిలబడి నాకు ఫోను చెయ్యి. మాట్లాడకు, ఫోను పైకెత్తి పట్టుకో. ఆ వీధి ఎంత మోగుతుందో నేను వినాలి. మాకు అప్పటికి తెల్లవారుజాము అవుతుంది. లేచే ఉంటాను.

ప్రేమతో,
అమ్మ