రేడియం జాకెట్లు ఇక అమ్మను, టేపు మాత్రం మీటరు లెక్కన అమ్ముతా

అన్నలకు, అక్కలకు నమస్తే.

హన్మకొండలో మన సైకిల్ బట్టల షాపుకు వచ్చేవాళ్ళలో చాలామంది మొదటిసారి మెట్లెక్కింది రేడియం జాకెట్ (చీకట్లో బండి లైటు పడితే మెరిసే పట్టీ ఉన్నది) కోసమే. కాజీపేట రైల్వే లోకోషెడ్‌లో నైట్ డ్యూటీ చేసేవాళ్ళు, ఎంజీఎం దవాఖాన సిస్టర్లు, ఇంకా తెల్లారకముందే చీపుర్లు పట్టుకుని బయల్దేరే కార్పొరేషన్ అక్కలు, అయోధ్యాపురం దిక్కు పనులకు పోయే పిల్లలు, కారు ఇంట్లో పెట్టి పొట్ట తగ్గాలని సైకిలెక్కిన బ్యాంకు సార్లు, అందరికీ అదే 180 రూపాయల పసుప్పచ్చ జాకెట్. అది ఇప్పుడు షాపులో లేదు, ఇక రాదు. స్టాక్ అయిపోయిందని కొందరు, షాపే మూసేస్తున్నాడని కొందరు చెప్పుకుంటున్నారట. షాపు మూయట్లేదు. జాకెట్లు నేనే ఆపేశాను. ఎందుకో నా నోటితోనే వింటే బాగుంటుందని రాస్తున్నా.

దసరా తర్వాత ఒక లాట్ వచ్చింది. చూడ్డానికి పాతదానికి, దీనికి తేడా లేదు. అదే గుడ్డ, అదే జిప్పు, అదే వెండి రంగు పట్టీ. కొన్నాళ్ళకు లోకోషెడ్ అన్న ఒకాయన (పాత జాకెట్ చిరిగితే కొత్తది కొన్నాడు) షాపుకొచ్చి, ఫాతిమానగర్ బ్రిడ్జి ఎక్కుతుంటే వెనక బండి మీద వస్తున్న తోటి వర్కర్ "నువ్వు దగ్గరికి వచ్చేదాకా కనిపించలేదు, జాకెట్ ఏసుకోలేదా" అని అడిగాడని చెప్పాడు. షట్టర్ సగం దించి, లైట్లన్నీ ఆర్పి, ఆయన పాత జాకెట్, కొత్త జాకెట్ పక్కపక్కన వేలాడదీసి ఫోన్‌తో ఫ్లాష్ కొట్టి ఫొటో తీశాం. పాతదాని పట్టీ ఫొటోలో ట్యూబ్‌లైట్ లెక్క వెలిగింది. కొత్తదాని పట్టీ ఉట్టి బూడిదరంగు గుడ్డ. కట్టలన్నీ విప్పి చూస్తే అన్నీ అంతే.

అసలు రేడియం పట్టీ ఎట్ల పనిచేస్తుందో కొంచెం చెప్పాలి, లేకపోతే నేను ఉత్తగనే లొల్లి చేస్తున్నా అనుకుంటారు. మంచి టేపు మీద కంటికి కనపడనంత చిన్న గాజు పూసలు పరిచి ఉంటాయి. వెనక నుంచి లారీ హెడ్‌లైటు పడితే ఆ వెలుగు పూసలోకి పోయి, వెనకున్న పూతకు తగిలి, వచ్చిన దారినే తిరిగి పోతుంది. అంటే లారీ డ్రైవర్ కంటికే పోతుంది. అద్దం లెక్క ఎటో అటు కొట్టదు, తనంతట అది వెలగదు. అందుకే షాపులో ట్యూబ్‌లైట్ కింద నిలబడి చూస్తే మంచి టేపు, దొంగ టేపు రెండూ ఒకే తీరుగా కనిపిస్తాయి. వెండి రంగు ఇంకు పూసిన గుడ్డ ఒక్కోసారి మంచిదానికంటే ఎక్కువే తళతళలాడుతుంది, మోసమంతా అక్కడే ఉంది. ఇక ఆ పసుప్పచ్చ గుడ్డ పగటి పూట, పొద్దుగూకే వేళ బాగా కనిపిస్తుంది గానీ చీకటి పడ్డాక అది మామూలు గుడ్డే. రాత్రిపూట పనిచేసేది పట్టీ ఒక్కటే.

మీ ఇంట్లో ఉన్నది మంచిదో కాదో మీరే చూసుకోవచ్చు. గదిలో లైటు ఆర్పండి, జాకెట్‌ను ఆ చివర తగిలించండి, ఈ చివర నిలబడి టార్చిని మీ కంటి పక్కనే, చెంపకు ఆనించి పట్టుకుని కొట్టండి. టార్చిని చెయ్యి చాపి పట్టుకుంటే మంచి టేపు కూడా మసకగానే కనిపిస్తుంది, వెలుగు టార్చి దగ్గరికే తిరిగి పోతుంది కాబట్టి. ఫోన్ ఫ్లాష్‌తో ఫొటో తీసినా తెలిసిపోతుంది. కాలర్ దగ్గర లేబుల్ మీద ఈఎన్ ఐఎస్ఓ 20471 అని రాసి ఉంది కదా అంటారు కొందరు. ఆ నంబరు ఇట్లాంటి దూరానికి కనిపించే బట్టలకున్న నిజమైన స్టాండర్డ్‌దే, కానీ లేబుల్ ప్రింట్ చేయించడానికి ఎంతసేపు. నాకొచ్చిన పనికిరాని లాట్ మీద కూడా అదే నంబరు ఉంది.

ఇప్పుడు హైదరాబాద్ హోల్‌సేల్ ఆయన సంగతి. పేరు రాయను, రాస్తే మీకు లాభం లేదు, నాకు తలనొప్పి. ఎన్నో ఏండ్ల నుంచి ఆయన దగ్గరే తెస్తున్నా. శాంపిల్ పంపిస్తే చూసి, టార్చి కొట్టి, బాగుందన్నాకే ఆర్డర్ పెట్టాను. శాంపిల్ ఇప్పటికీ నా కౌంటర్ కింద ఉంది, దాని పట్టీ భేషుగ్గా మెరుస్తుంది. బేళ్ళలో వచ్చింది వేరే. ఫోన్ చేస్తే ముందు టేపు మారలేదన్నాడు. ఫొటోలు పంపిస్తే మీ కెమెరా తేడా అన్నాడు. వీడియో పంపిస్తే ఖమ్మం వాళ్ళు, కరీంనగర్ వాళ్ళు ఇదే మాల్ తీసుకున్నారు, ఒక్క కంప్లైంట్ రాలేదు, మీకొక్కరికే వచ్చిందా అన్నాడు. బేలు విప్పిన సరుకు వాపసు తీసుకోనన్నాడు. ఇవన్నీ వ్యాపారంలో ఉండేవే, నేనూ వ్యాపారస్తుడినే, పట్టించుకోకపోదును. ఆఖరుకు ఒక మాటన్నాడు: "180 రూపాయల జాకెట్‌కు ఇంత చూస్తారా సార్, మీ కస్టమర్లు సైకిలోళ్ళే కదా."

సైకిలోళ్ళే. ఆ మాట ఇప్పటికీ గొంతులో ముల్లు లెక్క ఉంది. కారులో పోయేవాడి చుట్టూ ఇనుముంది, సీటు బెల్టుంది, ముందు గాలి సంచి ఉంది. సైకిలాయనకు ఉన్నదే ఆ నాలుగు వేళ్ళ పట్టీ. దానికి ఇంత చూడకపోతే ఇంకేం చూడాలి?

తర్వాతి బిల్లులో ఎంతో కొంత తగ్గిస్తా, ఈ లాట్ ఎట్లనో అట్ల అమ్ముకోండి అని కబురు పెట్టాడు. తర్వాతి బిల్లే ఉండదని చెప్పాను. పాత బాకీ మాత్రం పైసాతో సహా కట్టేశాను. సరుకు ఖరాబైతే డబ్బులెందుకు కట్టినవని మా ఇంటావిడ ఇప్పటికీ గొడవ పెట్టుకుంటుంది, ఆమె లెక్క సరైనదే కావచ్చు. కానీ బాకీ ఎగ్గొట్టడానికి టేపు సాకు దొరికిందని ఆ మనిషితో అనిపించుకోవడం నాకు ఇష్టం లేదు. ఈ విషయంలో నేను మొండివాణ్నే, ఒప్పుకుంటా.

దీనికంటే ఎక్కువ నిద్ర పట్టనిది ఆ తర్వాత ఏం చెయ్యాలన్నది. వేరే చోట మంచి టేపు ఉన్న జాకెట్ దొరికింది, నాకు పడేదాన్ని బట్టి 340కి అమ్మాలి. కౌంటర్ మీద పెట్టి చూశాను. బ్యాంకు సార్లు కొన్నారు. కార్పొరేషన్ అక్క ఒకామె పట్టుకుని చూసి, మడత కూడా సరిచేసి, మళ్ళీ వస్తా బిడ్డా అని పెట్టేసి పోయింది. పక్క షాపు బాబాయి మంచి సలహానే ఇచ్చాడు: రెండూ పెట్టు, 180ది, 340ది, ఎవరికేది కావాలో వాళ్ళే తీసుకుంటరు, నీదేం పోయింది. వ్యాపారం లెక్కన చూస్తే ఆయన మాటే కరెక్టు. పండుకుంటే అదే ఆలోచన, లేస్తే అదే ఆలోచన. రెండూ పెడితే ఏమవుతుంది? ట్యూబ్‌లైట్ కింద రెండూ ఒక్కలాగే కనిపిస్తాయి. నేనెంత చెప్పినా, ఎక్కువ ధర జాకెట్ అంటగట్టడానికి చెప్తున్నాడనుకుంటారు. చేతిలో తక్కువ పైసలున్న మనిషి మెరవని జాకెట్ వేసుకుని పోతుంది. వీధి దీపాలు సరిగా లేని రోడ్ల మీద, పొగమంచులో, అందరికంటే ముందు రోడ్డెక్కేది కూడా ఆ మనిషే. ఏసీ బ్యాంకులో తొమ్మిదిన్నరకు దిగే సారు మంచిది వేసుకుని పగటి వెలుగులో పోతాడు. ఇట్లాంటి అమ్మకం నా చేత్తో చెయ్యలేను.

అప్పుడు జాకెట్‌ను ముక్కలుగా విడదీసి లెక్క వేశాను. 340లో గుడ్డకు, జిప్పుకు, కుట్టుకూలికి, ట్రాన్స్‌పోర్టుకు పోయేదే ఎక్కువ. రాత్రి పనికొచ్చే టేపు ఖర్చు అందులో కొంచెమే. చొక్కా మీ దగ్గర ఉంది, బ్యాగు ఉంది, టిఫిన్ సంచి ఉంది. మళ్ళీ గుడ్డ ఎందుకు కొనాలి?

కాబట్టి ఇకమీద మన షాపులో జాకెట్ లేదు. మంచి టేపు రోల్, రెండంగుళాల వెడల్పుది, మీటరు 60 రూపాయలు. మీ ముందే లైటు ఆర్పి టార్చి కొట్టి చూపించి కోస్తాను. కొత్తవాడ నుంచి ఒక అక్క మిషన్ తెచ్చుకుని షాపులోనే కూర్చుంటుంది, మీరు తెచ్చిన చొక్కాకో బ్యాగుకో 20 రూపాయలకు కుట్టిస్తుంది. జాకెట్లు బయట వేలాడుతుంటేనే మనది సైకిల్ బట్టల షాపని జనానికి తెలిసేది, అవి తీసేశాక గల్లా ఎంత తేలికైందో నాకే తెలుసు. ఐనా సరే.

ఎక్కడ కుట్టించుకోవాలో కూడా చెప్తా. వీపు మీద వద్దు, వీపున బ్యాగు వేసుకుంటే కింద ఎంత టేపున్నా దండగే. బ్యాగుకే కుట్టించండి, అర మీటరు చాలు. ఇంకో అర మీటరు రెండు ముక్కలు చేసి చీలమండలకు వెల్క్రో పట్టీలుగా చేయించుకోండి. పెడల్ తొక్కుతుంటే అవి పైకీ కిందికీ ఊగుతాయి, వెనకవాడికి అది స్తంభమో రాయో కాదు, సైకిల్ తొక్కుతున్న మనిషి అని వెంటనే తెలుస్తుంది. ప్యాంటు చైన్‌లో పడకుండా కూడా పట్టుకుంటాయి, క్లిప్పు ఖర్చు మిగిలినట్టే. మొత్తం కలిపినా పాత జాకెట్ ధర కాదు.

రెయిన్‌కోటు మాత్రం కుట్టడానికి తేవద్దు. సూది పోయిన ప్రతి చోటా నీళ్ళు కారతాయి, తర్వాత నన్ను తిట్టుకుంటారు. దానికి పైనుంచి వేసుకునే ఎలాస్టిక్ అడ్డబెల్టు చేయిస్తున్నాం. ఉతికేటప్పుడు టేపు మీద బ్రష్ పెట్టొద్దు, బ్లీచింగ్ వద్దు, కంఫర్ట్ లాంటివి వద్దు, ఇస్త్రీ అసలే వద్దు. టేపుంది కదా అని వెనక ఎర్ర లైటు తీసేసేవాళ్ళు కూడా ఉన్నారు, తీయకండి. వెనక వచ్చే బండికి హెడ్‌లైటు లేకపోతే టేపు ఏమీ చెయ్యలేదు, మన రోడ్ల మీద అట్లాంటి బండ్లకు కొదువ లేదు.

దసరా తర్వాత మన దగ్గర జాకెట్ కొన్నవాళ్ళు, బిల్లు ఉన్నా లేకున్నా పట్టుకు రండి. టార్చి పరీక్షలో ఫెయిలైతే దొంగ పట్టీ పీకేసి మంచి టేపు ఉచితంగా కుట్టిస్తాం. ఆగే టైం లేదంటే, అమ్మకుండా మిగిలిన లాట్‌కే మంచి టేపు వేయించి పెట్టాను, మీది ఇచ్చేసి అది తీసుకుపోండి. అవి మార్పిడికి మాత్రమే, అమ్మకానికి కాదు, నాకొకటియ్యవా అని అడగొద్దు. దసరా ముందు కొన్నవాటికి భయం లేదు, ఐనా మనసు ఊరుకోకపోతే టార్చి కొట్టి చూసుకోండి. మేడారం రద్దీ మొదలైతే ములుగు రోడ్డు మీద రాత్రంతా బస్సులు, కార్లే, అటు దిక్కు నుంచి వచ్చేవాళ్ళు ఆలోపే వస్తే మంచిది.

జీఎస్టీ తగ్గింది కదా, ధరలు తగ్గించవా అని అడిగేవాళ్ళకు: 2025 సెప్టెంబర్ 22 నుంచి సైకిళ్ళ మీద, పార్టుల మీద 12 శాతం ఉన్నది 5 శాతమైంది, ఆ తేడా బిల్లులో మీకు వస్తూనే ఉంది. వెయ్యి రూపాయల లోపు బట్టలకు అంతకు ముందు కూడా 5 శాతమే, అందులో తగ్గించడానికి నా దగ్గర ఏమీ లేదు. ప్యాడ్ షార్టులు తిరుప్పూర్ నుంచి ఎప్పటిలాగే వస్తున్నాయి, పాత ధరే, ప్యాంటు లోపల వేసుకునేవే (వాటి కింద మళ్ళీ డ్రాయర్ వేసుకుని రాసుకుపోతుందని వాపసు తెచ్చే అన్నలకు దండం). ఎండాకాలానికి పల్చటి కాటన్ ఫుల్‌చేతుల చొక్కాలు, చేతి తొడుగులు శివరాత్రి తర్వాత తెప్పిస్తా.

కుట్టు అక్క పొద్దున పదకొండు నుంచి సాయంత్రం ఆరు దాకా ఉంటుంది, ఆదివారం రాదు. నైట్ డ్యూటీ వాళ్ళు పొద్దున ఇంటికి పోతూ బ్యాగు షాపులో పడేసి పోతే, సాయంత్రం డ్యూటీకి పోతూ తీసుకోవచ్చు. టిఫిన్ డబ్బా మాత్రం తీసేసి ఇవ్వండి.