కోబేలో విరిగిన జెట్టీ

చిరంజీవి బుజ్జికి నాన్న ఆశీస్సులు.

ఒసాకాలో మీ తమ్ముడి ఇంట్లో కూర్చుని రాస్తున్నాను. ఫోన్లో చెబుదామంటే మీ అమ్మ నాదాకా ఫోన్ రానివ్వదు. నిన్న అమ్మా నేనూ కోబే వెళ్లొచ్చాం. రైలెక్కితే అరగంట కూడా పట్టదు. వచ్చే ఏడు నువ్వూ అల్లుడూ వస్తామన్నారు కదా. "కోబేలో బీఫ్ తప్ప ఏముంది నాన్నా" అని తమ్ముడు అన్నట్టు మీరూ అనుకుని వదిలేస్తారేమోనని ఈ ఉత్తరం.

దిగగానే నాకు మన విశాఖే గుర్తొచ్చింది. వెనకాల రొక్కో కొండలు, ముందు సముద్రం, మధ్యలో సన్నగా ఊరు. అక్కడ దారి చెప్పాలన్నా కొండ వైపు, సముద్రం వైపు అనే చెబుతారు. అమ్మ కోసం ముందు కొండ వైపు, కితానోకి వెళ్లాం. 1985లో కట్టిన పాలరాతి జైన మందిరం ఉందక్కడ. ముత్యాల వ్యాపారానికొచ్చి స్థిరపడ్డ మనవాళ్ల చలవ. కాస్త కిందకి దిగితే 1935 నాటి మసీదు, జపాన్‌లో మొట్టమొదటిది. యుద్ధంలో బాంబులు పడ్డా, తర్వాత భూకంపమొచ్చినా నిలబడింది. చైనా బజారు కూడా చూశాం, జనం బాగా ఉన్నారు, అంతే.

ఉద్యోగమంతా హార్బర్లో గడిపినవాణ్ణి, నా మనసెక్కడుంటుందో నీకు తెలుసుగా. రేవు ఒడ్డున మెరికెన్ పార్కులో ఢమరుకాన్ని నిలబెట్టి సాగదీసినట్టు ఎర్రటి టవర్ ఉంది. 1963లో కట్టారు, 108 మీటర్లు. అందరూ దాని ముందు ఫొటోలు దిగుతున్నారు. టికెట్ కొని ఎక్కకపోయినా నష్టం లేదు. పక్కనే టికెట్ అక్కర్లేని చోటొకటుంది, అది చూడు.

1995 జనవరి 17, తెల్లవారుజామున 5:46కి వచ్చిన భూకంపంలో ఆరు వేల నాలుగు వందల మందికి పైగా పోయారు. ఆ రోజు విరిగిన జెట్టీని ఓ అరవై మీటర్ల మేర బాగుచేయకుండా అలాగే ఉంచేశారు. కాంక్రీటు పలకలు ఒకటి అటు, ఒకటి ఇటు ఒరిగి నీళ్లలోకి దిగిపోయాయి. దీపస్తంభం పక్కకి వాలిపోయి అలాగే ఉంది. రెయిలింగ్ పట్టుకుని వంగితే పలకల సందుల్లో సముద్రం పైకీ కిందకీ కదలడం కనిపిస్తుంది. "ఇంత అందమైన పార్కులో ఇదేమిటండీ" అంది అమ్మ. నాకైతే ఊరంతటిలో అదే చూడదగ్గది అనిపించింది.

నువ్వు సివిల్ చదివావు, నీకు చెప్పక్కర్లేదు. ఆ రేవులో ఓడలు ఆగే బెర్తుల గోడలు పెద్ద పెద్ద కాంక్రీటు పెట్టెలు. కింద మెత్తటి బురద తీసేసి ఇసుక మన్ను నింపి, దాని మీద కూర్చోబెట్టారు. భూమి ఊగేసరికి ఆ మన్ను పట్టు తప్పింది, పెట్టెలు కొన్నిచోట్ల అయిదు మీటర్ల దాకా సముద్రంలోకి జరిగాయి. క్రేన్లు నడిచే రెండు పట్టాల్లో ముందుది గోడతోపాటు పోయింది, వెనకది నేల మీద ఉండిపోయింది. క్రేన్ కాళ్లు ఏం కావాలి? వంగిపోయాయి. ఆ రేవులోనే ఒక్క మాయా వార్ఫ్‌లో భూకంపం కోసమే గట్టిగా కట్టిన మూడు బెర్తులు మాత్రం తట్టుకున్నాయి. సహాయ సామగ్రి దించడానికి అవే పనికొచ్చాయి.

1997 మార్చికల్లా రేవు మొత్తం బాగుచేశారు. రెండేళ్లంటే మాటలా! కానీ ఓడలవాళ్లకి మమకారం ఉండదమ్మా. అంతకుముందు కంటైనర్లలో ప్రపంచంలో ఆరో స్థానంలో ఉండేది కోబే. ఈలోగా వాళ్లు దక్షిణ కొరియాలోని బుసాన్ రేవుకి అలవాటుపడ్డారు. తప్పంతా భూకంపానిదే అనను, ఆసియాలో మిగతా రేవులు కూడా అప్పుడే లేస్తున్నాయి. ఏదైతేనేం, ఆ స్థానం మళ్లీ రాలేదు. చిన్న మరమ్మతుకి ఓ బెర్తు మూస్తేనే మా హార్బర్ ట్రాఫిక్ వాళ్లు ఎందుకంత టెన్షన్ పడేవారో నిన్న అక్కడ నిలబడితే తెలిసింది.

తమ్ముడికి సెలవు దొరికే వారం కనుక్కుని టికెట్లు చూసుకోండి. అల్లుడికి టవర్ ఎక్కాలనుంటే ఎక్కనీ, నువ్వు మాత్రం ఆ కాసేపూ కింద జెట్టీ దగ్గరే ఉండు. వచ్చేటప్పుడు తమ్ముడికి మాగాయ తేవడం మర్చిపోకు, మేం తెచ్చింది అయిపోవచ్చింది.

ఇట్లు,
మీ నాన్న