పఠన సంఘం వార్షిక నివేదిక: సోదర సమాజాలు, జ్ఞానోదయ భావాలు

గౌరవ సభ్యులకు కార్యవర్గం తరఫున నమస్కారాలు.

గత సర్వసభ్య సమావేశం తీర్మానించిన ప్రకారం ఈ ఏడాది నెలవారీ సమావేశాలన్నిటినీ ఒకే అంశానికి కేటాయించాము. పద్దెనిమిదో శతాబ్దపు యూరప్, అమెరికాల్లో జ్ఞానోదయ భావాలు, అంటే హేతుబుద్ధి, మత సహనం, విజ్ఞానశాస్త్రం పట్ల ఆసక్తి, పండితుల గదులు దాటి పనివాళ్ల మధ్యకు చేరడంలో సోదర సమాజాల, అంటే సభ్యులు ఒకరినొకరు సోదరులుగా చూసుకునే సంఘాల, పాత్ర ఏమిటన్నది ఆ అంశం.

రహస్య ప్రమాణంతో సభ్యులను చేర్చుకునే ఫ్రీమేసన్లు అనే సోదర సంఘంతో మొదలుపెట్టాము. 1723లో లండన్‌లో అచ్చయిన వారి నియమావళి, సభ్యుడి మతశాఖను అతని ఇష్టానికే వదిలేసి, మంచితనం, నిజాయితీ ఉంటే చాలునన్నది. మతం పేరిట నెత్తురు పారిన దేశంలో అది చిన్న మాట కాదు. 1738లో పోప్ పన్నెండో క్లెమెంట్ ఈ సంఘాలను నిషేధించినప్పుడు చూపిన అభ్యంతరాల్లో రహస్య ప్రమాణంతో పాటు అన్ని మతాలవారూ ఒకచోట కలవడం కూడా ఉంది. 1778 ఏప్రిల్‌లో పారిస్‌లోని 'తొమ్మిదిమంది సోదరీమణులు' అనే లాడ్జిలో (ఫ్రీమేసన్ల స్థానిక శాఖను లాడ్జి అంటారు) 83 ఏళ్ల ఫ్రెంచి రచయిత వోల్టేర్ చేరిన ఘట్టాన్ని కూడా చదివాము. అయితే అప్పటికే లోకమెరిగిన మహనీయుల కలయిక కన్నా, పేరులేని పనివాళ్లు వారం వారం కూర్చున్న గదే ఎక్కువ పని చేసిందని కార్యవర్గం అభిప్రాయం.

అటువంటి గది అమెరికాలోని ఫిలడెల్ఫియా నగరంలో 'జుంటో' అనే చర్చా సంఘానిది. 1727లో, 21 ఏళ్ల వయసులో అచ్చుపని చేసుకుంటున్న బెంజమిన్ ఫ్రాంక్లిన్ దాన్ని స్థాపించాడు. చెప్పులు కుట్టే పని నేర్చినవాడు, వడ్రంగి, దస్తావేజులు రాసే లేఖరి శుక్రవారం సాయంత్రాలు అక్కడ చేరి నీతి, రాజకీయం, ప్రకృతిశాస్త్రాల మీద చర్చించేవారు. వారిలో అద్దాలు బిగించే థామస్ గాడ్‌ఫ్రే సొంతంగా గణితం నేర్చుకుని, నావికులకు ఉపయోగపడే కోణమాపక పరికరాన్ని రూపొందించాడు. గెలవడానికి కాక సత్యం తెలుసుకోవడానికే వాదించాలన్నది వారి నియమం. ఎదుటివాడి మాటను మొహం మీదే కొట్టిపారేస్తే చిన్న జరిమానా కట్టాలి. వేసవిలో మన సమావేశం ఒకటి కేకలతో ముగిసిన తరువాత ఈ నియమాన్ని మనమూ పాటించడం ప్రారంభించాము. అప్పటినుండి, అంతవరకూ నోరు విప్పని సభ్యులు కూడా మాట్లాడుతున్నారు.

జుంటో సభ్యులు తమ పుస్తకాలన్నీ ఒక గదిలో ఉంచారు. సరైన సంరక్షణ లేక ఏడాది తిరిగేసరికి ఎవరివి వారు ఇంటికి తీసుకుపోయారు. ఆ అనుభవం తరువాత, 1731లో, 50 మంది తలా 40 షిల్లింగులు వేసుకుని, ఏటా 10 షిల్లింగుల చందా కట్టేలా ఫ్రాంక్లిన్ గ్రంథాలయ పథకం రచించాడు. విడిగా ఏ పనివాడూ కొనలేని పుస్తకాలు లండన్ నుండి ఓడలో వచ్చాయి. ఈ భాగం చదివిన రోజున మన బీరువా తెరిచి చూస్తే, కింది అరలోని పుస్తకాలు చెమ్మకు అట్టలు ఊడి ఉన్నాయి. అప్పటికప్పుడు పుస్తకాల బాధ్యత ఇద్దరు సభ్యులకు అప్పగించాము.

ఈ సమాజాల లోపాన్ని దాచడం న్యాయం కాదు. ఆ 1723 నియమావళే స్త్రీలకు, బానిసలకు ప్రవేశం లేదన్నది. అమెరికాలోని బోస్టన్ నగరపు శ్వేతజాతి లాడ్జిలు ఆదరించని నల్లజాతి నాయకుడు ప్రిన్స్ హాల్ 1784లో లండన్ నుండే అనుమతిపత్రం పొంది తమవారికి వేరే లాడ్జి ఏర్పరచాడు. అంతకు ముందే, 1777లో, స్వేచ్ఛ మనిషికి పుట్టుకతో వచ్చిన హక్కంటూ బానిసత్వానికి వ్యతిరేకంగా బోస్టన్ ఉన్న మసాచుసెట్స్ రాష్ట్ర శాసనసభకు పంపిన అర్జీలో ఆయన సంతకం ఉంది. సోదరభావమనే మాటను అక్షరాలా నమ్మినది ఆయనేనని మా అభిప్రాయం. మన సంఘంలోనూ మహిళా సభ్యులు తక్కువే గనుక, వారికి అనుకూలమైన వేళకు సమావేశాలు మార్చాలని కార్యవర్గం ప్రతిపాదిస్తున్నది.

వచ్చే ఏడాది మన గ్రంథాలయోద్యమాన్ని, 1901లో హైదరాబాదులో వెలసిన శ్రీకృష్ణదేవరాయ ఆంధ్రభాషా నిలయంతో మొదలుపెట్టి, చదవాలని సూచిస్తున్నాము. జమాఖర్చుల పట్టికను విడిగా జతపరిచాము. పై రెండు ప్రతిపాదనలపై సభ్యుల ఆమోదం కోరుతున్నాము.

ఇట్లు,
కార్యదర్శి