అమ్ములుకి, హెల్సింకీ చీకటి గురించి

రాజమహేంద్రవరం,
కార్తీక పౌర్ణమి మర్నాడు.

చిరంజీవి అమ్ములుని అమ్మ ఆశీర్వదించి రాయునది.

నిన్న ఫోన్ సగంలోనే పెట్టేశావు. "ప్రపంచంలోకెల్లా సంతోషంగా ఉన్న దేశమట ఈ ఫిన్లాండ్. ఇక్కడుండి కూడా నేనిలా ఉన్నానంటే లోపం నాలోనే ఉందేమో" అన్నావు. ఆ మాటే రాత్రంతా నా చెవిలో ఉంది. ఫోన్‌లో చెప్పబోతే మధ్యలో మీ నాన్నగారు అందుకుంటారు, నువ్వేమో "సరేలే అమ్మా" అనేస్తావు. అందుకే కాగితం మీద పెడుతున్నా. ఆయన ఫొటోలు తీసి వాట్సాప్‌లో పంపుతారు. తాపీగా చదువుకో.

ముందు ఆ ర్యాంకు సంగతి తేల్చుకుందాం. ప్రపంచ సంతోష నివేదికలో 2018 నుంచి 2025 దాకా వరుసగా ఎనిమిది సార్లు ఫిన్లాండే మొదటిది, నిజమే. కానీ ఆ సర్వేలో "మీరు సంతోషంగా ఉన్నారా?" అని ఎవరినీ అడగరు. సున్నా నుంచి పది దాకా మెట్లున్న నిచ్చెన ఊహించుకోమంటారు. పై మెట్టు మీకు సాధ్యమైన అన్నిటికన్నా మంచి జీవితం, అడుగున అన్నిటికన్నా చెడ్డది. మరి మీరిప్పుడు ఏ మెట్టు మీద ఉన్నారు అని అడుగుతారు. ఒక్కో దేశంలో ఏటా సుమారు వెయ్యి మందిని అడిగి, మూడేళ్ళ సగటు తీస్తారు. ఉద్యోగం పోతే ఆదుకునేవాళ్ళున్నారు, ఆస్పత్రి ఖర్చుకి ఇల్లు అమ్ముకోనక్కర్లేదు అనుకున్నవాడు ఏడో మెట్టో ఎనిమిదో మెట్టో చెబుతాడు. ఆ రోజు పొద్దున్న వాడు ఒక్కసారైనా నవ్వాడో లేదో ఆ లెక్కలోకి రాదు. నిన్న నవ్వారా, హాయిగా గడిచిందా అని విడిగా అడిగే సర్వేలూ ఉన్నాయి. వాటిలో తరచు పైన కనిపించేవి పరాగ్వే లాంటి లాటిన్ అమెరికా దేశాలు. మన దేశం 2025 నిచ్చెన లెక్కలో 118వది. ఆ ప్రకారం మన వీధిలో అందరూ పొద్దున్నే లేచి ఏడుస్తూ కూర్చోవాలి. పక్కింటి పిన్నిగారిని చూస్తే నీకలా అనిపించిందా? కాబట్టి ఆ ర్యాంకుతో నిన్ను నువ్వు కొలుచుకోకు. అది నీకు పెట్టిన పరీక్ష కాదు.

ఇక చీకటి. దాన్ని నేను కొట్టిపారెయ్యను. ముప్పై ఏళ్ళు ఫిజిక్స్ చెప్పినదాన్ని, వెలుతురంటే నాకూ గౌరవమే. డిసెంబరు నడిమధ్యలో మీ ఊళ్ళో మిట్టమధ్యాహ్నం సూర్యుడు నేల నుంచి ఆరు డిగ్రీలు లేస్తాడు, అంతే. అదే రోజు మన గోదావరి మీద యాభైకి దగ్గరగా ఉంటాడు. మేమొచ్చినప్పుడు చూశాం కదా, తొమ్మిదిన్నరకి తెల్లారింది, మూడుంబావుకి పొద్దుగూకింది. మీ నాన్నగారు సంధ్యావందనం మధ్యాహ్నం కాఫీ టైముకి చెయ్యాల్సి వచ్చిందని ఇప్పటికీ అందరికీ చెబుతుంటారు.

ఈ చలికాలపు దిగులుకి వైద్యంలో పేరు పెట్టి, 1984లో ప్రపంచానికి వివరంగా చెప్పిన డాక్టరు నార్మన్ రోసెంతాల్ ఎక్కడివాడో తెలుసా? దక్షిణాఫ్రికా వాడు. ఎండ దేశంలో పెరిగి అమెరికా వెళ్ళాక, చలికాలం రాగానే తనకే ఒంట్లో ఓపిక తగ్గిపోవడం గమనించాడు. నీలాగే. అంటే ఇది నీ మనసు బలహీనత కాదు, ఒళ్ళు వెలుతురు కోసం అడగడం. మరి అడిగింది ఇవ్వాలి కదా. పదివేల లక్స్ వెలుతురిచ్చే ఆ వైద్యపు దీపం అటకెక్కించావని నాకు తెలుసు. దింపు. పొద్దున్నే కాఫీ తాగుతూ దాని ముందు అరగంట కూర్చో. ఈ నెలల్లో ఆ ఎండకి చర్మంలో డి విటమిన్ తయారవదు. మన రంగు వాళ్ళకి మరీ కష్టం. ఫిన్లాండ్ వాళ్ళు 2003 నుంచి దాన్ని పాలల్లోనే కలుపుతున్నారంటే ఊరికే కాదు. నువ్వు పాలు తాగవు గనక బిళ్ళ మానకు. మధ్యాహ్నం ఒకసారి ఆఫీసు బయట నడువు. మబ్బు పట్టిన ఆకాశమైనా సరే, మీ ఆఫీసు ట్యూబులైటు కన్నా కొన్ని రెట్లు ఎక్కువ వెలుతురిస్తుంది. ఇవన్నీ చేశాక కూడా రెండు వారాలు దాటి అలాగే ఉంటే, నిద్రా తిండీ గతి తప్పితే, మీ కంపెనీ డాక్టరు దగ్గరికి వెళ్ళు. పళ్ళ నొప్పికి వెళ్ళినట్టే వెళ్ళు. నాకు చెప్పకుండా వెళ్ళినా పరవాలేదు.

ఆ దేశాల వాళ్ళు మాత్రం చీకటిని ఊరికే భరిస్తూ కూర్చున్నారా? నార్వేలో ర్యూకాన్ అని ఒక ఊరుంది. కొండల మధ్య లోయలో ఇరుక్కుని ఉంటుంది, ఏడాదిలో దాదాపు ఆరు నెలలు ఊళ్ళో ఎండ పడదు. 2013లో వాళ్ళు కొండ మీద పెద్ద అద్దాలు నిలబెట్టారు. అవి సూర్యుడితో పాటు తిరుగుతూ ఊరి నడిబొడ్డున ఉన్న చౌరస్తా మీదికి ఎండని మళ్ళిస్తాయి. క్లాసులో పరావర్తనం చెప్పేటప్పుడు ఈ ఊరి గురించి నాకు తెలిసుంటే ఎంత బాగుండేది! స్వీడన్‌లో ఊమియో అనే ఊళ్ళో 2012లో బస్‌స్టాపుల్లోనే ఆ వైద్యపు లైట్లు పెట్టారు. అయితే చీకటి ఎక్కువైన కొద్దీ దిగులూ ఎక్కువవుతుందనుకోకు. ఐస్‌లాండ్ వాళ్ళలో ఈ జబ్బు ఎందరికుందని లెక్క తీస్తే, అమెరికా తూర్పు తీరం కన్నా తక్కువ తేలింది. 1993లో అచ్చయింది ఆ పరిశీలన. ఉత్తరాన్నే పుట్టి పెరిగిన వాళ్ళ ఒళ్ళు తరాల తరబడి అలవాటు పడిందేమో. నీకా అలవాటు లేదు గనక నీకు దీపం కావాలి.

ఇంత చెప్పినా, నీ బాధంతా చీకటి వల్లేనంటే మాత్రం నేనొప్పుకోను.

మొన్న జూన్‌లో ఏం జరిగిందో గుర్తు చేసుకో. యుహన్నుస్ అనే నడివేసవి పండక్కి ఊరంతా చెరువు గట్ల మీది కుటీరాలకి వెళ్ళిపోయింది. రాత్రి పదకొండింటికి కూడా నీ కిటికీలో వెలుతురే. అప్పుడూ ఫోన్ చేసి ఏడ్చావు. "ట్రాములో నేనూ డ్రైవరూ తప్ప ఎవరూ లేరమ్మా" అన్నావు. అప్పుడు చీకటి ఏదీ? పంతొమ్మిది గంటల పగలు కదా!

డేనియల్ కానెమన్ అని ఆయనకి ఆర్థికశాస్త్రంలో నోబెల్ వచ్చింది. 1998లో ఆయనా, డేవిడ్ ష్కేడ్ అనే ఆయనా కలిసి అమెరికా విద్యార్థుల్ని అడిగారు. కాలిఫోర్నియాలో ఉన్నవాళ్ళనీ అడిగారు, చలి ఎక్కువుండే మధ్య రాష్ట్రాల వాళ్ళనీ అడిగారు. ఎండలో ఉన్నవాళ్ళే ఎక్కువ సంతోషంగా ఉంటారని రెండు వైపులవాళ్ళూ అనుకున్నారు. తీరా ఎవరి జీవితం గురించి వాళ్ళని అడిగితే ఇద్దరి తృప్తీ ఒక్కటే! ఒక ఊరు గురించి దూరం నుంచి తలుచుకుంటే ముందు వాతావరణమే కళ్ళకి కడుతుంది, అక్కడ బతికేవాడి రోజంతా మాత్రం వేరే వాటితో నిండి ఉంటుంది. లిస్బన్ వెళ్ళిపోదామనే నీ ఆలోచన కూడా అలాంటిదేనని నా అనుమానం. పోర్చుగల్‌లో ఎండకేం కొదవ! ఆ నిచ్చెన లెక్కలో మాత్రం ఫిన్లాండ్‌కి చాలా కింద ఉంది.

నీ రోజు దేనితో నిండి ఉందో చెప్పనా? వసంతంలో అయిపోయే ఆ కాంట్రాక్టుతో. ఉద్యోగం పోతే మూడు నెలల్లో, నీ బోటి నిపుణులకైతే ఆరు నెలల్లో ఇంకోటి వెతుక్కోవాలని, లేకపోతే అక్కడుండే అనుమతి పోవచ్చని 2025 జూన్‌లో కొత్త రూలు వచ్చింది. మీ దగ్గరేమో నిరుద్యోగం ఎక్కువగానే ఉంది. ఆ టెన్షన్‌తో ఆఫీసు నుంచి వస్తావు, తలుపేసుకుంటావు, లాప్‌టాప్ తెరుస్తావు. చీకటి మీద కోప్పడటం సులువు, అది తిరిగి జవాబు చెప్పదు. కాంట్రాక్టు గురించి మీ మేనేజర్ని అడగడానికే గుండె దడ. ఈ నెల్లోనే అడిగెయ్యి. కాదన్నా కూడా, తెలియకుండా మార్చి దాకా నలగడం కన్నా నయం.

రెండోది ఆ తలుపు. ఆ ఊళ్ళో ఎవరూ ఊరికే తలుపు తట్టరు. వరండాలో పక్కవాడి అడుగుల చప్పుడు పోయేదాకా ఆగి బయటికొస్తారని నువ్వే నవ్వుతూ చెప్పావు. సగానికి దగ్గరగా ఇళ్ళలో ఒక్కరే ఉంటారట. మన వాళ్ళలా పిలవకుండా వచ్చి, కాఫీ తాగి, పెళ్ళెప్పుడని అడిగి వెళ్ళే బాపతు కాదు. (అదొక్కటీ నీకు సుఖమేలే.) అలాగని మనుషులే లేరా? కిందటేడు చివర్లో మమ్మల్ని వాంటాలోని కూసియార్వి చెరువుకి తీసుకెళ్ళావు. చెరువంతా మంచు పలక. మధ్యలో గొయ్యి, అందులోకి దిగడానికి నిచ్చెన. నాకన్నా పెద్ద వయసు ఆడవాళ్ళు ఈత దుస్తులూ తలకి ఉన్ని టోపీలూ వేసుకుని పొగ సానా (కట్టెల పొగతో వేడెక్కించే స్నానాల గది) నుంచి బయటికొచ్చి, మార్కెట్లో కూరగాయలు ఏరుకునేంత నింపాదిగా ఆ నీళ్ళలోకి దిగారు. మీ నాన్నగారు మొహం తిప్పుకున్నారు, నేను మాత్రం కళ్ళార్పకుండా చూశాను. వాళ్ళలో ఒకావిడ బయటికొచ్చి నాతో ఫిన్నిష్‌లో ఏదో అంది. నాకు ముక్క అర్థం కాలేదు, అయినా తెలుగులోనే బదులిచ్చాను. ఇద్దరం నవ్వుకున్నాం. ప్రతి వారం అదే రోజు, అదే వేళకి వస్తారట. ట్రాములో పెదవి విప్పని ఆ మనుషులే అక్కడ బల్ల మీద కూర్చుని కబుర్లాపలేదు. అక్కడ స్నేహాలకి వేళ ఉంటుందనీ, ఆ వేళకి మనమే వెళ్ళాలనీ నాకర్థమైంది.

నువ్వు మంచునీళ్ళలో దిగక్కర్లేదు, నా గుండె ఆగిపోతుంది. నగరపాలక సంస్థ నడిపే పెద్దల క్లాసులున్నాయన్నావు కదా, కుండలు చెయ్యడం, అల్లికలు, కోరస్‌లో పాడటం, ఫీజు కూడా పెద్దగా ఉండదని. జనవరిలో మొదలయ్యే వాటిలో ఒకటి చేరు. వారానికొక సాయంత్రం. పాట అయితే మంచిది, పన్నెండేళ్ళు నేర్చుకున్న సంగీతం ఏ మూల పడేశావో. ఫిన్నిష్ రాదని వెనకాడకు, కోరస్‌లో ఎవరి తప్పులు వాళ్ళకే తెలుస్తాయి. ఓదీ లైబ్రరీలో మూల సోఫాలో హెడ్‌ఫోన్లు పెట్టుకుని కూర్చోవడం మనుషుల్లోకి వెళ్ళడం కాదు, అది నేను లెక్క వెయ్యను.

చలికాలాన్ని ప్రేమించేలా మనసు మార్చుకో అని చెప్పేవాళ్ళుంటారు. నార్వేలో త్రోమ్సో ఊళ్ళో చలికాలాన్ని మంచి కాలంగా చూసేవాళ్ళే ఎక్కువ హాయిగా ఉన్నారని ఒక అమెరికా పిల్ల పరిశోధన చేసింది. ఉండొచ్చు. కానీ చెబితే మారిపోయేది కాదు మనసు. నువ్వు నవంబరుని ప్రేమించనక్కర్లేదు. నాకు రాజమండ్రి మే నెలంటే ఏమన్నా ప్రేమా? తలుపులు మూసి, వట్టివేళ్ళ తడికలు తడిపి గడిపేస్తాను.

అక్కడే ఉండిపొమ్మని గానీ, వచ్చెయ్యమని గానీ నేను చెప్పను. వచ్చేస్తానంటే నాన్నగారు రేపే స్టేషన్‌కి బయల్దేరతారు, మొన్న నీ గదికి సున్నం కూడా వేయించారు. కాకపోతే నవంబరులో ఏ నిర్ణయమూ తీసుకోకు. మేనేజరు జవాబు రానీ, ఆ క్లాసుకి నాలుగు వారాలు వెళ్ళు, మార్చిలో పగలూ రాత్రీ సమానమయ్యాక అప్పుడు కూర్చుని ఆలోచించు. అప్పటికీ లిస్బనే అంటే నేనేమీ అనను. చీకట్లో రోడ్డు దాటేటప్పుడు కోటుకి ఆ మెరిసే బిళ్ళ తగిలించుకోవడం మర్చిపోకు. అది చట్టమని చెప్పి నాకూ ఒకటి తగిలించావు, నువ్వు మాత్రం తీసేస్తున్నావని నీ ఫొటోల్లో కనిపిస్తోంది.

రేపట్నుంచి ఫోన్ రాత్రిపూట వద్దు. మీకు మధ్యాహ్నం పన్నెండైతే మాకు మూడున్నర, నాన్నగారు కునుకు తీసి లేచే వేళ. కోటు వేసుకుని బయటికొచ్చి, సముద్రం ఒడ్డున నడుస్తూ చెయ్యి. ఆఫీసులో కూర్చుని చేస్తే నాకు తెలిసిపోతుంది, వెనకాల ఆ కాఫీ మిషను చప్పుడు వినిపిస్తుంది.

ఆశీస్సులతో,
అమ్మ